సైకియాట్రీ డిపార్ట్‌మెంట్‌లో నల్లజాతి వారిపై వివక్షను ఎదుర్కోవడం ఎలా? అమెరికాలోని మన డాక్టర్లకు ఒక సమగ్ర మార్గదర్శి

అమెరికాలో ఏదో ఒక టీచింగ్ హాస్పిటల్‌లో సైకియాట్రీ రెసిడెంట్‌గానో, ఫెలోగానో, ఫ్యాకల్టీగానో పనిచేస్తున్న తెలుగువాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. వేరే స్పెషాలిటీల వాళ్ళకీ చాలావరకు పనికొస్తుంది కానీ సైకియాట్రీ సంగతి కొంచెం వేరు. మనిషిని అతని ఇష్టం లేకుండా హాస్పిటల్‌లో ఉంచే అధికారం, మంచానికి కట్టించే అధికారం, "ఇతను చెప్పేది నిజం కాదు, భ్రమ" అని రాసేసే అధికారం మన చేతిలో ఉంటాయి. అలాంటి చోట వివక్ష ఉంటే అది ఎవరో నోరు జారడంతో ఆగిపోదు.

2020 మే 25న మినియాపొలిస్‌లో పోలీసు చేతిలో జార్జ్ ఫ్లాయిడ్ చనిపోయాక, ఆ ఎండాకాలమంతా డిపార్ట్‌మెంట్లు పోటీలు పడి ప్రకటనలు ఇచ్చాయి, టాస్క్‌ఫోర్స్‌లు వేశాయి, గ్రాండ్ రౌండ్స్ (డిపార్ట్‌మెంట్ అంతా కూర్చుని వినే లెక్చర్లు) పెట్టాయి. వాటిలో చాలా టాస్క్‌ఫోర్స్‌లు తర్వాత చప్పబడిపోయాయి. కూర్చున్నవాళ్ళు చెడ్డవాళ్ళై కాదు. వాళ్ళ చేతిలో పైసా లేదు, డేటా లేదు, ఎవరినీ నిలదీసే అధికారం లేదు, ఉన్నదల్లా నెలకోసారి జూమ్ మీటింగ్. అందుకే ఈ గైడ్‌లో మనసులు మార్చడం గురించి దాదాపు ఏమీ ఉండదు. ఎవరి మనసులో ఏముందో కొలవలేం. కానీ డిపార్ట్‌మెంట్‌లో వివక్ష పనిచేసేది కాగితం మీద: ప్రోగ్రెస్ నోట్‌లో, రిస్ట్రెయింట్ (పేషెంట్‌ని కట్టేయడం) ఆర్డర్‌లో, రెసిడెంట్ ఇవాల్యుయేషన్‌లో, బడ్జెట్‌లో. అక్కడ పట్టుకుంటే దొరుకుతుంది.

ముందుగా మన సంగతి

1965లో వచ్చిన ఇమిగ్రేషన్ చట్టం లేకపోతే గుంటూరు, కాకినాడ, ఉస్మానియా, విశాఖ మెడికల్ కాలేజీల నుంచి ఇంతమంది ఇక్కడికి వచ్చేవాళ్ళే కాదు. ఆ చట్టం ఊరికే రాలేదు. నల్లజాతీయులు దెబ్బలు తిని, జైళ్ళకు వెళ్ళి నడిపిన పౌరహక్కుల ఉద్యమం వల్ల ఏర్పడిన వాతావరణంలో, 1964 పౌరహక్కుల చట్టం వచ్చిన మరుసటి ఏడాదే అది వచ్చింది. 1966లో మెడికేర్ (వృద్ధులకి ప్రభుత్వమిచ్చే ఇన్సూరెన్స్) మొదలైనప్పుడు, ఆ డబ్బు కావాలంటే తెల్లవాళ్ళకో వార్డు నల్లవాళ్ళకో వార్డు అనే పద్ధతి మానాల్సిందేనని ప్రభుత్వం షరతు పెట్టింది. మనం డ్యూటీ చేస్తున్న వార్డులు అలా కలిసినవే.

మరి మన ఇళ్ళల్లో? కొత్తగా రెసిడెన్సీ సీటుకి మ్యాచ్ అయి వచ్చిన అమ్మాయికి అపార్ట్‌మెంట్ వెతికేటప్పుడు అక్కలూ అన్నయ్యలూ ఇచ్చే మొదటి సలహా: "ఆ ఏరియా వద్దమ్మా, అక్కడంతా వాళ్ళే ఉంటారు." మర్నాడు అదే ఏరియా నుంచి పోలీసులు తీసుకొచ్చిన ఇరవై రెండేళ్ళ కుర్రాడిని ఈడీలో (ఎమర్జెన్సీ డిపార్ట్‌మెంట్‌లో) ఆ అమ్మాయే ఇంటర్వ్యూ చేయాలి. ఆ సలహా పార్కింగ్ లాట్‌లోనే ఉండిపోతుందనుకుంటే అమాయకత్వమే.

ఇంకో అలవాటు కూడా మానాలి. ఒక నల్లజాతి కొలీగ్ తనకు జరిగింది చెబుతుంటే వెంటనే "నాకూ అంతే, నా యాస మీద పేషెంట్లు ఏమన్నారో తెలుసా" అని మొదలుపెట్టడం. మీకు జరిగింది నిజమే, బాధే. కానీ వైట్ కోటు వేసుకుని ఉన్నా "ట్రేలు తీసుకెళ్ళడానికి వచ్చారా" అని అడిగించుకోవడం, సొంత హాస్పిటల్ గేటు దగ్గర బ్యాడ్జ్ మళ్ళీ మళ్ళీ చూపించాల్సి రావడం మనకు ఎంత తరచుగా ఎదురవుతున్నాయో నిజాయితీగా ఆలోచించండి. ముందు వినండి, మీ కథ ఇంకో రోజు చెప్పొచ్చు.

మొదటి అడుగు: చరిత్ర చదవండి, ముఖ్యంగా మీ హాస్పిటల్‌ది

అమెరికన్ సైకియాట్రీకి పితామహుడిగా చెప్పుకునే బెంజమిన్ రష్ బానిసత్వాన్ని వ్యతిరేకించినవాడే. అయినా నల్లని చర్మం ఒక రకం కుష్ఠు వల్ల వచ్చిందని వాదించాడు. 1851లో లూయిసియానా డాక్టర్ శామ్యూల్ కార్ట్‌రైట్, బానిసలు పారిపోవడం ఒక మానసిక జబ్బు అని తేల్చి దానికి 'డ్రాపెటోమేనియా' అని పేరు పెట్టాడు, మందుగా కొరడా దెబ్బలు రాశాడు. పారిపోవాలనుకోవడమే జబ్బట. మేరీల్యాండ్‌లో నల్లజాతి వారి కోసమని 1911లో తెరిచిన క్రౌన్స్‌విల్ ఆస్పత్రి కట్టడంలో పేషెంట్ల చేతే చాకిరీ చేయించారు. అది మూతపడింది 2004లో, అంటే మనలో చాలామంది ఎంబీబీఎస్‌లో ఉన్నప్పుడు.

ఇవన్నీ పాత కథలు అనుకునేవాళ్ళకి 1974 నాటి హాల్డాల్ (సైకోసిస్‌కి వాడే హాలోపెరిడాల్) ప్రకటన చూపించండి. మన ప్రొఫెషన్‌లోని పెద్ద జర్నల్‌లోనే వచ్చింది. పిడికిలి బిగించి కోపంగా చూస్తున్న నల్లజాతి మగాడి బొమ్మ, ఈ మందు వేస్తే మాట వింటాడన్న అర్థం వచ్చే నినాదం. ఆ ప్రకటన చూస్తూ ట్రైనింగ్ అయినవాళ్ళు తర్వాతి తరానికి నేర్పించారు, ఆ తరం మనకు నేర్పించింది. అంతకు ముందే, 1969 మే నెలలో, కొందరు నల్లజాతి సైకియాట్రిస్టులు మయామీలో అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ ట్రస్టీల దగ్గరికి నేరుగా వెళ్ళి తమ డిమాండ్లు ముందు పెట్టారు. బ్లాక్ సైకియాట్రిస్ట్స్ ఆఫ్ అమెరికా అప్పుడు పుట్టిందే, దాని మొదటి అధ్యక్షుడు హార్వర్డ్ ప్రొఫెసర్ చెస్టర్ పియర్స్. ఇప్పుడు అందరి నోటా వినిపించే 'మైక్రోఅగ్రెషన్' అనే మాట ఆయన పెట్టిందే. అసోసియేషన్ అధికారికంగా క్షమాపణ చెప్పడానికి మాత్రం 2021 జనవరి దాకా పట్టింది.

ఇదంతా ఒక లెక్చర్‌లో చెప్పేసి చేతులు దులుపుకోకండి. మీ ఊళ్ళో స్టేట్ హాస్పిటల్ ఎప్పుడు పెట్టారు, నల్లజాతి పేషెంట్లను ఎక్కడ ఉంచారు, మీ డిపార్ట్‌మెంట్‌లో మొదటి నల్లజాతి రెసిడెంట్ ఏ సంవత్సరంలో చేరారు, ఇవి వెతికించండి. మెడికల్ లైబ్రరీలో ఆర్కైవిస్ట్ ఉంటారు, అడిగితే సంబరంగా చేసిపెడతారు. అలాగే గోడల మీద బొమ్మలు ఒకసారి చూడండి. బోస్టన్‌లో బ్రిగమ్ అండ్ విమెన్స్ హాస్పిటల్ 2018లో తన పెద్ద లెక్చర్ హాల్ గోడల మీదున్న మాజీ చైర్‌ల (డిపార్ట్‌మెంట్ హెడ్‌ల) పోర్ట్రెయిట్లు అక్కణ్ణుంచి తీయించి వేరే చోట్లకు మార్చింది. అది ఖర్చు లేని పని. కాకపోతే ఖర్చు లేని పనులు చేసి ఆగిపోవడం డిపార్ట్‌మెంట్లకు బాగా అలవాటు, కాబట్టి అక్కడ ఎక్కువ టైం పెట్టొద్దు.

రెండో అడుగు: లెక్కలు బయటికి తీయించండి

అసలు పని ఇక్కడ మొదలవుతుంది. చైర్‌ని "వివక్ష ఉందా" అని అడిగితే చర్చ అవుతుంది. "గత ఏడాది రిస్ట్రెయింట్ గంటలు జాతుల వారీగా ఎంత" అని అడిగితే ఎక్సెల్ షీట్ వస్తుంది. ఇన్‌పేషెంట్ సైకియాట్రీ యూనిట్లు రిస్ట్రెయింట్, సెక్లూజన్ (గదిలో ఒంటరిగా ఉంచడం) గంటలను నాణ్యతా కొలమానాల కింద ఎలాగూ లెక్కపెడతాయి, కాబట్టి క్వాలిటీ ఆఫీసు దగ్గర ముడి డేటా ఉంటుంది. దాన్ని జాతి వారీగా విడగొట్టమని అడగాలి, అంతే. నేనైతే అడిగే జాబితా ఇది: రిస్ట్రెయింట్, సెక్లూజన్, బలవంతపు అడ్మిషన్లు, ఈడీలో ఎమర్జెన్సీ ఇంజెక్షన్లు, సెక్యూరిటీని పిలిచిన సందర్భాలు, చార్ట్‌లో పెట్టే 'వయొలెన్స్' ఫ్లాగులు, డిశ్చార్జ్ అయ్యాక వారంలోపు అపాయింట్‌మెంట్ దొరికినవాళ్ళు, సైకోథెరపీ రెఫరల్స్, ఈసీటీ (కరెంటుతో చేసే చికిత్స), క్లోజపీన్ అనే మందు. చివరి మూడూ మర్చిపోవద్దు. వివక్ష ఎక్కువ చేయడంలోనే కాదు, మంచి వైద్యం తక్కువ ఇవ్వడంలో కూడా ఉంటుంది.

ఇంకో లెక్క ఉంది, దాన్ని అడిగితే గదిలో కాస్త ఇబ్బందిగా నవ్వుతారు. రెసిడెంట్ క్లినిక్‌లో ఎవరుంటున్నారు, ఫ్యాకల్టీ ప్రాక్టీస్‌లో ఎవరుంటున్నారు? చాలా అకడమిక్ డిపార్ట్‌మెంట్లలో మెడికెయిడ్ (పేదలకి ప్రభుత్వమిచ్చే ఇన్సూరెన్స్) ఉన్నవాళ్ళు రెసిడెంట్ క్లినిక్‌కి, ప్రైవేట్ ఇన్సూరెన్స్ ఉన్నవాళ్ళు, క్యాష్ కట్టేవాళ్ళు ఫ్యాకల్టీ దగ్గరికి వెళ్తారు. ఎక్కడా 'జాతి' అనే మాట ఉండదు. కానీ రెండు వెయిటింగ్ రూముల్లో కాసేపు కూర్చుంటే రంగు తేడా కళ్ళకు కడుతుంది. ఏటా జూలైలో డాక్టర్ మారిపోవడం, మళ్ళీ మొదటి నుంచి కథ చెప్పుకోవడం ఒక వెయిటింగ్ రూముకే పరిమితం. దీన్ని మార్చడం కష్టం, ఎందుకంటే డబ్బు లెక్క. కనీసం ప్రతి ఫ్యాకల్టీ తన క్లినిక్‌లో కొన్ని మెడికెయిడ్ స్లాట్లు పెట్టాలన్న రూల్ అడగండి, రెసిడెంట్ క్లినిక్‌లో దీర్ఘకాలిక పేషెంట్లకి ఒక స్థిరమైన అటెండింగ్ (సీనియర్ డాక్టర్) ఉండాలని అడగండి.

డేటా నాణ్యత విషయంలో జాగ్రత్త. చాలా చోట్ల జాతి అనే గడిని ఫ్రంట్ డెస్క్ మనిషి మొహం చూసి నింపేస్తారు. తప్పుడు లెక్కలు ఎంత పని చేస్తాయో ఈ దేశానికి ఎప్పుడో అనుభవమైంది. 1840 జనాభా లెక్కల్లో, ఉత్తరాది రాష్ట్రాల్లో స్వేచ్ఛగా బతుకుతున్న నల్లజాతీయుల్లో పిచ్చి విపరీతంగా ఉందని రాశారు. దాన్ని పట్టుకుని, చూశారా స్వేచ్ఛ వీళ్ళకి పడదు అని బానిసత్వ సమర్థకులు ఊదరగొట్టారు. కొన్ని ఊళ్ళలో అయితే ఉన్న నల్లజాతి జనాభా కంటే 'పిచ్చివాళ్ళ' సంఖ్యే ఎక్కువ. జేమ్స్ మెక్‌క్యూన్ స్మిత్ అనే నల్లజాతి డాక్టర్, స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో చదివి వచ్చినవాడు, ఆ లెక్కలను లెక్కలతోనే చీల్చి చెండాడాడు. మన పని కూడా ఆ బాపతే. పేషెంటే తన జాతి చెప్పాలి, చిన్న యూనిట్లలో సంఖ్యలు చిన్నవి కాబట్టి ఏడాదికి తక్కువ కాలం చూసి తీర్పులివ్వొద్దు, శాతాలతో పాటు అసలు సంఖ్యలు కూడా పెట్టాలి. మూడు నెలలకోసారి ఫ్యాకల్టీ మీటింగ్‌లో, బడ్జెట్ స్లైడ్ తర్వాత అదే వరసలో చూపించాలి.

మూడో అడుగు: డయాగ్నోసిస్‌ని మళ్ళీ తెరవండి

అమెరికాలో నల్లజాతి పేషెంట్లకి తెల్లవాళ్ళ కంటే దాదాపు 2.4 రెట్లు ఎక్కువగా స్కిజోఫ్రీనియా అని రాస్తున్నారని 2018లో వచ్చిన మెటా అనాలిసిస్ (చాలా అధ్యయనాలను కలిపి చూసిన లెక్క) చెప్పింది. తర్వాతి ఏడాది వచ్చిన ఒక రట్గర్స్ అధ్యయనం ఇంకో విషయం చెప్పింది: స్కిజోఫ్రీనియా అని రాసిన నల్లజాతి పేషెంట్లలో మేజర్ డిప్రెషన్ స్క్రీనింగ్ పాజిటివ్‌గా వచ్చినవాళ్ళు తెల్లజాతి పేషెంట్లలో కంటే ఎక్కువ. అంటే మూడ్ లక్షణాలు కళ్ళ ముందే ఉన్నా మనం సైకోసిస్ మాత్రమే చూస్తున్నాం. ఒకసారి ఆ లేబుల్ పడ్డాక కాపీ పేస్ట్ మహిమ వల్ల పదేళ్ళు వెంటాడుతుంది.

చేయాల్సింది ఇది. స్కిజోఫ్రీనియా అని అడ్మిట్ అయిన ప్రతి పేషెంట్ విషయంలో, తెల్లవాళ్ళతో సహా, రెసిడెంట్ మూడు ప్రశ్నలకి జవాబు రాయాలి: ఈ డయాగ్నోసిస్ మొదట ఎవరు, ఎక్కడ, దేని ఆధారంగా పెట్టారు? డిప్రెషన్, మేనియా ఎపిసోడ్లు ఉన్నాయా, సైకోసిస్ వాటి బయట కూడా ఉందా? ఇంట్లోవాళ్ళతో ఎవరైనా మాట్లాడారా? అందరికీ పెడితే ఇది మామూలు క్లినికల్ డిసిప్లిన్ అవుతుంది, ఎవరూ వేలెత్తి చూపలేరు. మన డయాగ్నోసిస్ గ్రంథం డీఎస్ఎం-5లో 2013 నుంచీ 16 ప్రశ్నల కల్చరల్ ఫార్ములేషన్ ఇంటర్వ్యూ ఉంది, ఉచితంగా దొరుకుతుంది. మొత్తం కుదరకపోతే మొదటి మూడు ప్రశ్నలన్నా అడగండి, మీ సమస్యని మీ వాళ్ళకైతే ఎలా చెబుతారు అన్నది ఒక్కటే ఎన్నో విషయాలు బయటపెడుతుంది.

అనుమానం ఎప్పుడు జబ్బు, ఎప్పుడు అనుభవం? "పోలీసులు నా వెనక పడుతున్నారు" అని పేషెంట్ అంటే చేయి వెంటనే 'పారనాయిడ్' అని టైప్ చేయడానికి వెళ్తుంది. అడగండి: ఎక్కడ ఉంటారు, ఈ నెలలో కారు ఎన్నిసార్లు ఆపారు, ఇంట్లో ఎవరైనా అరెస్టయ్యారా. "డాక్టర్లు మా మీద ప్రయోగాలు చేస్తారు" అంటే, టస్కీగీలో 1932 నుంచి 1972 దాకా సిఫిలిస్ ఉన్న నల్లజాతి మగవాళ్ళకి మందు ఇవ్వకుండా చూస్తూ కూర్చున్నది ప్రభుత్వమే, పెన్సిలిన్ అందుబాటులోకి వచ్చాక కూడా. ఇది తెలిసిన మనిషి మనల్ని చూసి జంకితే దానికి రిస్పెరిడోన్ అక్కర్లేదు. అలాగని నిజంగా సైకోసిస్ ఉన్నవాడిని "కల్చర్" పేరుతో వదిలేయడం కూడా అన్యాయమే, అది గుర్తుంచుకోండి. అడగడం మానకపోతే రెండు తప్పులూ తగ్గుతాయి.

నాలుగో అడుగు: నోట్స్ రాసే భాష

షికాగో యూనివర్సిటీ పరిశోధకులు 2022లో ప్రచురించిన అధ్యయనంలో, నల్లజాతి పేషెంట్ల చార్ట్‌లో కనీసం ఒక నెగెటివ్ వర్ణన ఉండే అవకాశం తెల్లవాళ్ళతో పోలిస్తే 2.54 రెట్లు అని తేలింది. అగ్రెసివ్, అజిటేటెడ్, నాన్‌కంప్లయంట్, రిఫ్యూజ్డ్ లాంటి మాటలన్నమాట. రాత్రి మూడింటికి క్రాస్ కవర్ చేసే రెసిడెంట్ ఆ మాట చదివే గదిలోకి వెళ్తాడు, సెక్యూరిటీని వెంటబెట్టుకుని.

ఉదాహరణకి ఈ నోట్ చూడండి, చాలా నోట్లు ఇలాగే ఉంటాయి కాబట్టి అల్లి రాస్తున్నాను: "పేషెంట్ హాస్టైల్‌గా, డిమాండింగ్‌గా ఉన్నాడు. మందులు నిరాకరించాడు. ఇన్‌సైట్ పూర్." అదే పేషెంట్, అదే ఉదయం, చూసింది చూసినట్టు రాస్తే: "నిన్న రాత్రి ఇంజెక్షన్ తర్వాత మధ్యాహ్నం దాకా లేవలేకపోయానని, దవడ బిగుసుకుపోయిందని, ఆ మందు మళ్ళీ వద్దని చెప్పాడు. డిశ్చార్జ్ తేదీ రెండుసార్లు అడిగాడు. గొంతు పెంచాడు. మంచం మీదే కూర్చున్నాడు, ఎవరి వైపూ రాలేదు. వేరే మాత్ర గురించి మాట్లాడటానికి ఒప్పుకున్నాడు." మొదటి నోట్‌లో డిస్టోనియా (మందు వల్ల కండరాలు బిగుసుకుపోవడం) మాయమైంది. దాన్ని తగ్గించే బెంజట్రోపిన్ ఇవ్వాల్సిన మనిషికి ఇంకో డోస్ హాలోపెరిడాల్ ఆర్డర్ పడే ప్రమాదం అక్కడే ఉంది. వారానికి ఒకసారి, పేర్లు తీసేసిన రెండు నోట్లు రెసిడెంట్ల మధ్య పెట్టుకుని తిరగరాయండి, పదిహేను నిమిషాలు చాలు. గంటల తరబడి చేసే ఇంప్లిసిట్ బయాస్ ఆన్‌లైన్ మాడ్యూల్ కంటే దీని మీద నాకు ఎక్కువ నమ్మకం.

మెంటల్ స్టేటస్ ఎగ్జామ్‌లో 'డిషెవెల్డ్', 'పూర్ గ్రూమింగ్' అని రాసే ముందు యూనిట్‌లో స్టోర్ అల్మరా తెరిచి చూడండి. హోటల్ సైజు షాంపూ సీసా, పళ్ళు దగ్గరగా ఉన్న చిన్న ప్లాస్టిక్ దువ్వెన. ఉంగరాల జుట్టుకి, బాగా చుట్టుకునే జుట్టుకి ఆ దువ్వెన దిగనే దిగదు, ఆ షాంపూ జుట్టుని గడ్డి చేసి పెడుతుంది. నూనె లేకుండా, కండిషనర్ లేకుండా, రాత్రి కట్టుకునే బానెట్ లేకుండా పది రోజులు ఉంచి, ఆపైన జుట్టు చిక్కులు పడిందని జబ్బు లక్షణంగా రాస్తాం. వెడల్పు పళ్ళ దువ్వెన, లీవ్-ఇన్ కండిషనర్, జుట్టు నూనె, సేఫ్టీ రూల్స్ ఒప్పుకునే బానెట్ తెప్పించడానికి అయ్యే ఖర్చు ఒక గ్రాండ్ రౌండ్స్ లంచ్ ఖర్చంత కూడా ఉండదు. నర్స్ మేనేజర్‌ని అడగండి, ఆమెకి ఈ సమస్య మనకంటే ముందే తెలిసి ఉంటుంది.

ఐదో అడుగు: మందుల దగ్గర దాక్కున్న రూల్స్

క్లోజపీన్ సంగతి ప్రతి రెసిడెంట్‌కీ కంఠతా రావాలి. ఏ మందుకీ లొంగని స్కిజోఫ్రీనియాకి అంతకు మించింది లేదు, ఆత్మహత్య ప్రమాదం తగ్గిస్తుందని ఎఫ్‌డీఏ ఆమోదం కూడా దానికే ఉంది. కానీ నల్లజాతి పేషెంట్లకి అది తక్కువగా అందుతోంది, అందినా త్వరగా ఆపేస్తున్నారు. ఒక పెద్ద కారణం న్యూట్రోఫిల్స్, అంటే ఇన్ఫెక్షన్లతో పోరాడే తెల్ల రక్తకణాలు; క్లోజపీన్ వాటిని ప్రమాదకరంగా తగ్గించవచ్చు కాబట్టి కౌంట్ చూస్తారు. ఆఫ్రికన్ మూలాలున్న చాలామందిలో డఫీ నల్ అనే రక్త లక్షణం ఉంటుంది, అమెరికాలోని నల్లజాతీయుల్లో దాదాపు మూడింట రెండు వంతుల మందికి. వైవాక్స్ మలేరియా నుంచి కాపాడే లక్షణం అది. దాని వల్ల రక్తంలో న్యూట్రోఫిల్ కౌంట్ సహజంగానే తక్కువ కనిపిస్తుంది, ఇన్ఫెక్షన్లు మాత్రం ఎక్కువ రావు. తెల్లవాళ్ళ రక్తం చూసి గీసిన 'నార్మల్' గీత దగ్గర వీళ్ళు ఆగిపోతున్నారు.

2015లోనే ఎఫ్‌డీఏ ఇలాంటివాళ్ళకి వేరే హద్దులు పెట్టింది: మామూలుగా మొదలుపెట్టడానికి మైక్రోలీటర్ రక్తంలో 1500 న్యూట్రోఫిల్స్ ఉండాలి, వీళ్ళకి 1000 చాలు. ఆపాల్సింది మామూలుగా 1000 కంటే తగ్గితే, వీళ్ళకైతే 500 కంటే తగ్గితే. 2025లో రెమ్స్ అనే రిజిస్ట్రేషన్ తతంగాన్ని ఎఫ్‌డీఏ ఎత్తేసింది కూడా, రక్తపరీక్షలు మాత్రం చేయించాల్సిందే. అయినా ఇప్పటికీ "కౌంట్ 1300, క్లోజపీన్‌కి పనికిరాడు" అన్న నోట్లు కనిపిస్తాయి. ఫార్మసీతో కూర్చుని పని చేయండి: పాత చార్ట్‌ల్లో కౌంట్ పేరుతో క్లోజపీన్ ఆపేసిన వాళ్ళ జాబితా తీయించండి, హెమటాలజీతో మాట్లాడండి, డఫీ టెస్ట్ ఆర్డర్‌సెట్‌లో పెట్టించండి. ఇదొక్కటే చేసినా మనుషుల జీవితాలు కదులుతాయి.

కిడ్నీలను దెబ్బతీయగల బైపోలార్ మందు లిథియం దగ్గర ఇంకో తమాషా. కిడ్నీ పనితీరు లెక్కకట్టే పాత సూత్రంలో పేషెంట్ నల్లజాతి అయితే వచ్చిన అంకెని 1.159తో గుణించేవారు, అంటే అదే రక్తానికి కిడ్నీ దాదాపు 16 శాతం మెరుగ్గా ఉన్నట్టు చూపించేది. లిథియం మీద ఏళ్ళ తరబడి ఉన్న మనిషికి అది ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు. 2021లో ఆ గుణింతం తీసేసిన కొత్త సూత్రం వచ్చింది. మీ ల్యాబ్ ఏది వాడుతోందో కనుక్కోండి, పాత ట్రెండ్‌లు చూసేటప్పుడు మధ్యలో సూత్రం మారిందని గుర్తుంచుకోండి.

ఆరో అడుగు: రిస్ట్రెయింట్, సెక్యూరిటీ

ఈడీల్లో నల్లజాతి పేషెంట్లను కట్టేయడం ఎక్కువన్నది ఇప్పుడు ఒకటికి రెండు అధ్యయనాల్లో కనిపించిన విషయం. ఫెడరల్ రూల్ ప్రకారం హింసాత్మక ప్రవర్తన పేరుతో కడితే గంటలోపు మనిషిని స్వయంగా చూసి పరీక్షించాలి, పెద్దవాళ్ళకి ఒక్కో ఆర్డర్ నాలుగు గంటలకు మించకూడదు. ఆ గంట పరీక్ష చాలాసార్లు టిక్కు పెట్టడంగా మిగిలిపోతుంది. ప్రతి రిస్ట్రెయింట్ తర్వాత, ఇరవై నాలుగు గంటల్లో ఒక చిన్న రివ్యూ పెట్టండి: మొదటి పది నిమిషాల్లో ఏం జరిగింది, ఎవరు మాట్లాడారు, తిండి, ఫోన్, సిగరెట్‌కి బదులు నికోటిన్ ప్యాచ్ లాంటివి ఇచ్చారా, సెక్యూరిటీని ఎవరు, ఎందుకు పిలిచారు. పేషెంట్ వెర్షన్ కూడా అందులో ఉండాలి. యూనిఫాం, తుపాకీ ఉన్న మనిషి తలుపులో నిలబడితే, ఇంటి దగ్గర పోలీసులతో అనుభవం ఉన్నవాడి గొంతు పెరగడం సహజం. ఆ గొంతు పెరగడమే మళ్ళీ కట్టేయడానికి కారణమవుతుంది.

'ఎక్సైటెడ్ డెలిరియం' అనే మాట మీ డిపార్ట్‌మెంట్ ప్రొటోకాల్స్‌లో, ఈడీతో ఒప్పందాల్లో ఎక్కడన్నా మిగిలి ఉంటే తీయించండి. పోలీసు కస్టడీ చావులను, ముఖ్యంగా నల్లజాతి మగవాళ్ళ చావులను సమర్థించడానికి వాడిన 'డయాగ్నోసిస్' అది. సైకియాట్రిక్ అసోసియేషన్ 2020లో దాన్ని తోసిపుచ్చింది, ఎమర్జెన్సీ ఫిజీషియన్ల కాలేజీ తన పాత పేపర్‌ని 2023లో వెనక్కి తీసుకుంది.

ఏడో అడుగు: రెసిడెంట్లు, వాళ్ళని తూచే తక్కెడ

అమెరికా సైకియాట్రిస్టుల్లో నల్లజాతి వారు దాదాపు 2 శాతం, జనాభాలో 13 శాతం దాకా. మూలాలు లోతుగా ఉన్నాయి: 1910 ఫ్లెక్స్‌నర్ రిపోర్ట్ తర్వాత ఏడు నల్లజాతి మెడికల్ కాలేజీల్లో ఐదు మూతపడ్డాయి, హోవర్డ్, మెహారీ మిగిలాయి. రిక్రూట్‌మెంట్‌లో చేయగలిగింది చేయండి, స్కోర్ ఫిల్టర్ పెట్టి సగం అప్లికేషన్లు తెరవకుండానే పడేయడం ఆపించండి. కానీ తెచ్చుకున్నవాళ్ళని నిలబెట్టుకోవడమే అసలు పరీక్ష. 2015-16లో మొత్తం రెసిడెంట్లలో నల్లజాతి వారు 5 శాతం దాకా ఉంటే, తొలగించబడినవాళ్ళలో దాదాపు 20 శాతం వాళ్ళేనని బయటికొచ్చింది.

రెసిడెంట్ల పనితీరు తేల్చే క్లినికల్ కాంపిటెన్సీ కమిటీలో కూర్చునే అవకాశం వస్తే వదులుకోకండి. "ప్రొఫెషనలిజం సమస్య" అనే మాట వినగానే అడగండి: ఏ రోజు, ఏం చేశారు, ఇంకెవరైనా అదే చేస్తే ఏం రాశాం? ఒక తెల్లజాతి రెసిడెంట్ లేటుగా వస్తే "బర్నవుట్, మాట్లాడండి", నల్లజాతి రెసిడెంట్ లేటుగా వస్తే "రెమెడియేషన్". ఈ తేడా గదిలో గట్టిగా అడిగితే గానీ కనపడదు.

పేషెంట్ "నల్ల డాక్టర్ వద్దు" అంటే ఏం చేయాలో ముందే రాసి పెట్టుకోండి, అప్పటికప్పుడు ఆ రెసిడెంటే తేల్చుకోవాల్సిన పరిస్థితి రాకూడదు. ప్రాణం మీదికి వచ్చిన స్థితి అయితే ముందు వైద్యం. మేనియా, డెలిరియం, డిమెన్షియా వల్ల అంటున్నారా అని చూడాలి. లేదంటే అటెండింగే వెళ్ళి, రెసిడెంట్ పక్కన ఉండగా, "ఈమె మా డాక్టర్, మీ టీమ్ ఈమెదే" అని చెప్పాలి. ఉండాలా తప్పుకోవాలా అన్న నిర్ణయం రెసిడెంట్‌ది. ఈ మాట గ్రాడ్యుయేట్ మెడికల్ ఎడ్యుకేషన్ ఆఫీసుతో పాలసీగా రాయించండి.

ఎనిమిదో అడుగు: ఈ పనికి జీతం

ఇద్దరే నల్లజాతి ఫ్యాకల్టీ ఉన్న చోట ప్రతి కమిటీలో ఆ ఇద్దరే కనిపిస్తారు. ప్రమోషన్ ఫైల్ తెరిస్తే మాత్రం "పబ్లికేషన్లు తక్కువ". ఈ పని చేసేవాళ్ళకి, వాళ్ళు ఎవరైనా సరే, ఎఫ్‌టీఈలో (జీతమిచ్చే పని సమయంలో) పది ఇరవై శాతం రాసివ్వాలి, క్లినిక్ టార్గెట్ ఆ మేరకు తగ్గించాలి, ప్రమోషన్‌లో లెక్కించాలి. చైర్ దీనికి ఒప్పుకోకపోతే, ఈ డిపార్ట్‌మెంట్‌కి ఈ పని అక్కర్లేదని అర్థం చేసుకుని మీ శక్తి క్లినికల్ వైపు, మూడు నాలుగు ఐదు అడుగుల మీద పెట్టండి. అవి చేయడానికి ఎవరి అనుమతీ పెద్దగా అక్కర్లేదు.

చట్టం మారింది, అది కూడా తెలుసుకోండి

2023 జూన్‌లో సుప్రీంకోర్టు కాలేజీ అడ్మిషన్లలో జాతిని లెక్కలోకి తీసుకోవడాన్ని కొట్టేసింది. 2025 జనవరి నుంచి ఫెడరల్ ప్రభుత్వం డీఈఐ (వైవిధ్యం, సమానత్వం, అందరినీ కలుపుకోవడం) కార్యక్రమాల మీద ఆర్డర్లు ఇస్తూ వచ్చింది, చాలా చోట్ల ఆఫీసులు మూసేశారు, బోర్డులు మార్చారు. అయితే 1964 చట్టం ఉంది, పేషెంట్‌పై జాతి వివక్ష చూపడం ఇప్పటికీ చట్టవిరుద్ధమే. ఫలానా జాతి వాళ్ళకే అని పెట్టే స్కాలర్‌షిప్‌లు, ప్రోగ్రాములు లీగల్ ఆఫీసుకి చూపించాక మొదలుపెట్టండి. రిస్ట్రెయింట్ రివ్యూ, డయాగ్నోసిస్ రివ్యూ, క్లోజపీన్ ఆడిట్ మాత్రం పేషెంట్ సేఫ్టీ పనులు. వాటిని ఆ పేరుతోనే, అందరు పేషెంట్లకీ వర్తించేలా నడపండి.

వీసా మీద ఉన్నవాళ్ళు

ఇది దాటేస్తే ఈ గైడ్ మనవాళ్ళకి పనికిరాదు. జే-1 (ట్రైనింగ్ వీసా) మీద ఉన్న రెసిడెంట్‌ని ప్రోగ్రామ్ తీసేస్తే ఉద్యోగంతో పాటు దేశంలో ఉండే హక్కు కూడా పోతుంది. హెచ్-1బీ వాళ్ళ టెన్షన్ కూడా అంతే, జే-1 తర్వాత స్వదేశానికి వెళ్ళకుండా ఉండటానికి వెయివర్ ఉద్యోగంలో మూడేళ్ళు గడపాల్సినవాళ్ళదీ అంతే. అందుకే రెండో ఏడాది రెసిడెంట్‌ని వెళ్ళి చైర్‌తో తలపడమని నేను చెప్పను. 2022 ఫిబ్రవరిలో కొలంబియా యూనివర్సిటీ సైకియాట్రీ చైర్ ఒక నల్లజాతి మోడల్ గురించి చేసిన ట్వీట్ వల్ల పదవి నుంచి సస్పెండ్ అయ్యాడు, కానీ అది లోకమంతా చూసిన ట్వీట్ కాబట్టి. కాన్ఫరెన్స్ రూములో అన్న మాటకి అలా జరగదు.

మీరు చేయగలిగింది చాలానే ఉంది. మీ నోట్స్ మీ చేతిలో ఉన్నాయి, మీ డయాగ్నోసిస్ రివ్యూ మీ చేతిలో ఉంది. ఏదైనా చూస్తే ఆ రోజే తేదీ, టైం, అన్న మాట అన్నట్టు రాసి పెట్టుకోండి, హాస్పిటల్ కంప్యూటర్‌లో కాదు, పేషెంట్ వివరాలు లేకుండా. ఆంబుడ్స్ ఆఫీసు (ఫిర్యాదులు గోప్యంగా వినే చోటు) ఉంటే ముందు అక్కడికి వెళ్ళండి, అక్కడ మాట సాధారణంగా బయటికి పోదు. నల్లజాతి కో-రెసిడెంట్‌కి జరిగిందాని గురించి అయితే, ఏం చేయాలో ముందు వాళ్ళనే అడగండి, మీ అంతట మీరే కంప్లయింట్ పెట్టి వాళ్ళని ఇరకాటంలో పెట్టకండి. సాక్షిగా రాయమంటే రాయండి. గ్రీన్ కార్డు వచ్చి, అసోసియేట్ ప్రొఫెసర్ అయి, ఇంకా "మనకెందుకులే" అనే సీనియర్లు మాత్రం వీసాని సాకుగా చెప్పకూడదు. ఆ రెండో ఏడాది రెసిడెంట్ అడగలేని ప్రశ్న మీటింగ్‌లో అడగాల్సింది మీరే. వచ్చే ఫ్యాకల్టీ మీటింగ్ అజెండా ఎవరు తయారు చేస్తారో కనుక్కుని, రిస్ట్రెయింట్ డేటా జాతుల వారీగా కావాలని ఈ వారమే ఒక ఈమెయిల్ పెట్టండి.